వేరే చేతి అచ్చు

పొద్దున్నుంచి బిందుమాధవి ఇద్దరు కుర్రాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంది. ఇద్దరి వయసూ రెండు వేల ఏళ్లకు దగ్గర దగ్గర. రోమ్ చక్రవర్తి అగస్టస్ మనవలు. నాణేనికి ఒకవైపు తాత తల ఉంటుంది, రెండోవైపు ఈ మనవలిద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. మధ్యలో రెండు డాళ్లు, రెండు ఈటెలు, వాటి పైన ఒక గరిటె, ఒక వంపు కర్ర. నాణేలన్నీ వెండివి. పొదిలి అవతల ఒక మిరప చేలో పైపులైను కోసం గాడి తవ్వుతుంటే గడ్డపారకు తగిలిన కుండలోంచి వచ్చాయి.

మ్యూజియంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నాణేల మీద చదువు చదివినవాళ్లు ఈ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు కాబట్టి ప్రతి మార్చి నెలలోనూ ఆమెను తీసేద్దామని ఒకసారి అనుకుని మళ్లీ ఉంచుతుంటారు.

ఆమె పని చేసే తీరు ఒకటుంది. టేబుల్ లైటును బాగా వంచి, వెలుగు నాణెం మీద పక్కనుంచి పడేట్టు పెడుతుంది. నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని ఎడమచేత్తో నెమ్మదిగా తిప్పుతుంది. ముందు అక్షరాలు చూడదు. అక్షరాలను ఎవరైనా చూసి దించగలరు. ఆమె తాత చెవి చూస్తుంది, తల వెనక ఆకుల దండ ముడి దగ్గర్నుంచి మెడ మీదికి జారిన రిబ్బను చూస్తుంది. ఇప్పుడు ఫ్రాన్సులో లియాన్ అంటున్న ఊళ్లో ఆ రోజుల్లో పెద్ద టంకశాల ఉండేది. అక్కడ అచ్చు చెక్కినవాళ్లు రిబ్బనును ఒక్క గీతలో వదిలేసేవారు, చెవిని లోతుగా తవ్వేవారు. చెయ్యి అలవాటు దాచుకుంటే దాగేది కాదు. సంతకంలాగా ప్రతి నాణెం మీదా ఉంటుంది.

మధ్యాహ్నానికి ఆమె కొన్నింటిని వేరే ట్రేలో పెట్టింది. వాటి మీదా అదే తాత, అవే మనవలు. కానీ చెవి చెవిలా లేదు. అక్షరాల చోట గీతలూ సున్నాలూ ఉన్నాయి. చెక్కినవాడికి ఆ లిపి రాదు. కుర్రాళ్ల కళ్లు మాత్రం ఎంత పెద్దవో! అమరావతి శిల్పాల్లో చూస్తామే, ఆ కోల కళ్లు. వాళ్ల ఒంటి మీది రోమన్ బట్ట కూడా ముందు కుచ్చెళ్లు పోసి కట్టిన పంచెలా కిందికి దిగింది. కుడిపక్క కుర్రాడి భుజం మీదుగా సన్నటి గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంది. అచ్చు పగిలితే నాణెం మీద అలాంటి గీత పడుతుంది. ట్రేలో ఉన్నవాటన్నిటి మీదా అదే గీత. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవి.

ఎక్కడో ఇక్కడే, ఈ నేల మీదే, రోమ్ మొహం చూడని కంసాలి ఒకడు ఆ నాణెం ముందు పెట్టుకుని అచ్చు చెక్కాడు. ఆ కాలంలోనే.

సరిగ్గా అప్పుడే అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీకృష్ణ గారు, ఆయన వెనకాల, నాణేలు తగ్గాయన్న కంప్లైంటు మీద తిరుగుతున్న ఎస్సై ఏసుబాబు గదిలోకి వచ్చారు.

"ఇవెందుకమ్మా పక్కన పెట్టావు?" అన్నారు శ్రీకృష్ణ గారు.

ఆమె భూతద్దం మీంచి కన్ను తియ్యలేదు. "ఇవి వేరే చేతివండీ. రోమన్ టంకశాల అచ్చు కాదు" అంది.

అంతే అంది. మిగతా సగం, అంటే ఇవీ అంత పాతవేనని, ఇక్కడే అచ్చయ్యాయని, అనబోతుండగా ఎస్సై ఫోను మోగింది. ఆయన గట్టిగా మాట్లాడుతుంటే ఆమె తర్వాతి నాణెం చేతిలోకి తీసుకుంది. మిగతా సగం ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకుంది. చదువుకున్నవాళ్లకు ఈ ధీమా ఒకటుంటుంది, తాము చెప్పేదాకా లోకం ఆగుతుందని.

ఎస్సై ఫోను జేబులో పెట్టుకుని ట్రే వైపు వంగాడు. "రోమన్ అచ్చు కాదంటే డూప్లికేట్లా సార్?"

శ్రీకృష్ణ గారు ఒకటి తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశారు. అది తళతళలాడుతోంది. "కొత్తగా మెరుస్తోంది కూడా. చూడాలి" అన్నారు. చూడాలి అన్న మాట అప్పటికే చూసేసినట్టుగా వినిపించింది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో వచ్చింది. రోమన్ నాణేలు కొన్ని మాయమయ్యాయనీ, వాటి చోట నకిలీలు పెట్టారనీ, కౌలు రైతు సిలార్ మీద అనుమానమనీ. పక్కనే నాణెం పట్టుకున్న శ్రీకృష్ణ గారి ఫొటో. కింద, నిపుణుల పరిశీలనలో తేలింది అని రాశారు. ఆ నిపుణులు ఎవరో బిందుమాధవికి తెలుసు. టీ గ్లాసు పక్కన పెట్టేసి చెప్పులు వేసుకుంది.

*

ఆ చేను ఉన్న కొండ్రువారిపాలెంలో ఆటో దిగేసరికి మిరప ఘాటు ముక్కుకు తగిలి వరసగా తుమ్ములు వచ్చాయి. ఊరి బయట కల్లం మీద కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. ఆడవాళ్లు నోటికి కొంగులు చుట్టుకుని వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తెల్లగా పాలిపోయిన కాయను ఒక కుప్ప, ఎర్ర కాయను ఒక కుప్ప. చేతులు మాత్రమే కదులుతున్నాయి. సిలార్ తల్లి కరీమున్ ఎవరని అడిగితే వరస చివర కూర్చున్న పెద్దావిడ తలెత్తింది.

"నేనే. నువ్వెవరమ్మాయ్?"

"మ్యూజియం నుంచి వచ్చానండి. నాణేలు చూసింది నేనే."

చుట్టూ చేతులు ఆగిపోయాయి. కరీమున్ చెయ్యి మాత్రం ఆగలేదు. "అయితే మావాణ్ణి దొంగని చేసింది నువ్వేనన్నమాట" అంది కాయల వైపే చూస్తూ.

"నేను నకిలీ అనలేదమ్మా. వేరే చేతివి అన్నాను. దాన్ని వాళ్లు అట్లా మార్చారు."

"నువ్వేమన్నావో మాకేం ఎరుక? చేను ఆసామి కంప్లైంటు ఇచ్చిన కాడ్నుంచీ పొద్దున్నే టేషనుకి పోయి బల్ల మీద కూర్చుంటన్నాడు. చీకటి పడ్డాక ఇంటికంపుతున్నారు. కొట్టలా. కొడితే అదో తీరు. ఊళ్లో అందరూ చూసిపోయేట్టు కూర్చోబెడుతున్నారు." అప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మిరప ఘాటుకో మరి దేనికో. "కుండ దొరికిన పొద్దు మావాడు ఇంటికి తెచ్చాడు, నిజమే. సందేళ అయింది, ఆఫీసులో ఎవరుంటారు? తెల్లారి తీస్కపోయి వీఆర్వో చేతిలో పోశాడు. దాచుకునేవోడైతే ఇయ్యటం ఎందుకంట?"

"కొన్ని మెరుస్తున్నాయి. ఎందుకో చెప్పండి."

"చింతపండు పెట్టి తోమాను."

బిందుమాధవి కల్లం గట్టు మీద కూలబడింది. "అయ్యో, ఎందుకమ్మా! ఆ పచ్చటి చిలుమే కదా అవి పాతవని చెప్పేది! సాక్ష్యమంతా కడిగేశారు."

"ఎందుకేంది?" కరీమున్ గొంతు లేచింది. "వెండి ఇంకోళ్ల చేతికి ఇచ్చేటప్పుడు తోమి ఇయ్యమా? పట్టీలు కుదవ పెట్టాలన్నా చింతపండేసి తోమి తీస్కపోతాం. నల్లగా తీస్కపోతే కొట్టోడు అసలు వెండే కాదంటాడు. గవర్నమెంటోళ్ల చేతికి మట్టివి ఎట్టా ఇస్తాం? పైన ఉన్నయ్యి దోసెడు తోమేసరికి చింతపండు అయిపోయింది. మిగతాయి అట్టానే ఇచ్చా. నల్లగా ఉంటే వెండి కాదంటారు, తెల్లగా ఉంటే పాతయి కాదంటారు. మేం ఎట్టా చావాలి?"

బిందుమాధవి గట్టు మీంచి లేచింది. కొంగు నోటికి చుట్టుకుని, ఆవిడ పక్కన కూర్చుని కాయ ఏరడం మొదలుపెట్టింది. చేతులు వెంటనే మండాయి. కాసేపటికి కరీమున్ ఆమె కుప్పలోంచి ఒక కాయ తీసి రెండో కుప్పలోకి విసిరింది. "ఇది తాలు. కళ్లు పెట్టి చూడు" అంది. తర్వాత కొంచెం మెత్తగా, "తాలు కాయ ఏరి పక్కన పోస్తాం. అదీ ఈ చేలో కాసిందే కదమ్మాయ్. ఎవరి చేలోనో కోసుకొచ్చామని అంటామా?" అంది.

ఆ మాటకు బిందుమాధవి చేతులు ఆగాయి. తను పెట్టిన రెండో ట్రే కళ్ల ముందు కనిపించింది.

అప్పుడే బండి మీద పేరయ్య వచ్చాడు. ఆ చేను ఆయనది, కౌలుకు సిలార్ చేస్తున్నాడు. కంప్లైంటు ఇచ్చిందీ ఆయనే. బండి దిగకుండానే, "మ్యూజియం మేడమ్ గారా? వీళ్ల మాటలు వినమాకండి. కుండెడు నాణేలు రేత్రంతా కొంపలో పెట్టుకుంటే ఏం జరుగుద్దో పసోడికి కూడా తెలుసు" అన్నాడు.

"కుండెడూ కాదు పేరయ్యన్నా" అంది కరీమున్ లేచి నిలబడి. "కుండ అడుగు భాగం చేలోనే ఉండిపోయింది. అది ఎవరు తీశారు?"

"పోలీసోళ్లు తీశారు. నేను పక్కనే నిలబడ్డా."

"మావాడు దాని మీద చెయ్యేశాడా?"

"వాడు ఎక్కడ వేస్తాడు, నేను గాడి దగ్గరికి రానిస్తేగా!" అన్నాడు పేరయ్య గర్వంగా.

బిందుమాధవి మెల్లగా లేచి చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. కుండ అడుగు మ్యూజియంలో ఉంది. నాణేలు ఒకదానికొకటి కరుచుకుని పచ్చటి ముద్దగా మారి, మట్టితో సహా పోలీసులు తెచ్చిన డబ్బాలో ఉన్నాయి. ఆ ముద్ద మీద సిలార్ చెయ్యి పడలేదని ఫిర్యాదు చేసినవాడే నలుగురి ముందు చెప్పాడు. తనేం చెప్పాడో పేరయ్యకు ఇంకా తెలియదు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

*

"ముద్ద విడదియ్యడానికి పర్మిషన్ ఇవ్వండి సార్" అంది బిందుమాధవి మర్నాడు పొద్దున.

శ్రీకృష్ణ గారు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తెలివితక్కువ మనిషి కాదు. నాణేల గురించి ఆమెకు మొదట నేర్పినవాళ్లలో ఆయనా ఒకరు. అదే ఆమెకు ఎక్కువ కడుపుమంట.

"హెడ్డాఫీసు ల్యాబుకు పంపుదాం. వాళ్లు చేస్తారు."

"ఎప్పటికి చేస్తారు? పోయినేడు పంపిన రాగి పళ్లెం ఇంకా రాలేదు. ఇక్కడ మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టారు."

"అది పోలీసుల పని మాధవీ. మనకు సంబంధం లేదు."

"పేపర్లో మీ ఫొటో ఉంది సార్."

ఆయన మొహం ఎర్రబడింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. గొంతు తగ్గించి, "చూడు. ఆ కాలంలో మనవాళ్లు రోమన్ నాణేలు చూసి అచ్చులు చేసుకున్నారని నాకు తెలియదనుకున్నావా? ఇవీ అవే అయి ఉండొచ్చు. కానీ పేపరు వాళ్ల ముందు మాట అనేశాను. ఇప్పుడు కాదంటే డిపార్టుమెంటు పరువేం కావాలి? నాలుగు నెలలు పోనీ. ల్యాబు రిపోర్టు వస్తుంది, కేసు అదే వీగిపోతుంది" అన్నారు.

"ఈ నాలుగు నెలలు అతను దొంగ అనిపించుకోవాలా?"

"కౌలు రైతు. ఆ ఊరు కాకపోతే ఇంకో ఊరు" అన్నారాయన. అని, ఆ మాట తనకే బాగా అనిపించలేదేమో, కళ్లజోడు పెట్టుకుని కాయితాలు సర్దారు. "రేపు ఎస్సై వస్తున్నాడు, నాణేలు కోర్టుకు అప్పగించే పంచనామాకి. ముద్దను ముద్దగానే ఇద్దాం. కెమికల్స్ బీరువా తాళం నా దగ్గర ఉంటుంది. మార్చి దగ్గరపడుతోంది, అది కూడా గుర్తుంచుకో."

ఆమె గుర్తుంచుకుంది. గుర్తుంచుకునే బయటికి వచ్చి, వరండాలో నిలబడి, కరీమున్‌కు ఫోను కొట్టింది.

"అమ్మా, రేపు పంచనామాకి సిలార్‌ని తీసుకొస్తారట. మీరూ రండి. వచ్చేటప్పుడు చింతపండు తీసుకురండి. పాతదైతే మరీ మంచిది, బాగా పులుపుండాలి."

"నువ్వేగా తోమినందుకు తిట్టింది?"

"తిట్టాను. ఇప్పుడు నాకది కావాలి. కానీ ఒక మాట ముందే చెప్తున్నా. ఆ ముద్ద లోపల ఏముందో నాకు తెలీదు. వేరే చేతివి అందులో కూడా ఉంటే మీవాడు బయటపడినట్టే. ఒక్కటీ లేకపోతే మాత్రం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. వద్దంటే ఆపేస్తాను."

"లేకపోతే ఏమవుద్ది? ఇప్పుడు చేసేదే చేస్తారు" అంది కరీమున్. "తెస్తాలే. వీశెడు తెస్తా."

*

హాల్లో పొడుగు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. ట్రేలు రెండూ, ముద్ద ఉన్న డబ్బా దాని మీద పెట్టారు. ఎస్సై ఏసుబాబు కుర్చీలో కూర్చున్నాడు, పేరయ్య సాక్షిగా పక్కన. సిలార్‌ను గోడ దగ్గర నిలబెట్టారు. ముప్పై దాటిన మనిషి, గడ్డం మాసి ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకున్నాడు. కరీమున్ సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"దీంట్లో ఎన్ని ఉన్నాయి?" అన్నాడు ఎస్సై డబ్బా చూపించి.

"ముద్ద అని రాసుకోండి" అన్నారు శ్రీకృష్ణ గారు.

"ముద్ద అంటే కోర్టులో ఊరుకోరు సార్. రేపు ఎవరైనా ఒకటి తగ్గిందంటే నా మెడకు చుట్టుకుంటుంది. ఎన్నో చెప్పాలి."

"ఎన్నో చెప్పాలంటే విడదియ్యాలండి" అంది బిందుమాధవి. "ఇక్కడే, మీ అందరి కళ్ల ముందు చేస్తాను. మళ్లీ ఎవరూ మార్చారు అనకుండా."

"చెయ్యండి మరి" అన్నాడు ఎస్సై.

శ్రీకృష్ణ గారు ఆమె వైపు చూశారు. "కెమికల్ లేదు" అన్నారు.

"అక్కర్లేదు సార్." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "అమ్మా, ఆ సంచి ఇటివ్వండి."

చింతపండు చూసి పేరయ్య పకపకా నవ్వాడు. "పులుసు కాస్తారా ఏంది!" ఎస్సైకి కూడా నవ్వొచ్చింది. శ్రీకృష్ణ గారు మాత్రం నవ్వలేదు, ఆయనకు తెలుసు. "మాధవీ, ఇది పద్ధతి కాదు" అన్నారు నెమ్మదిగా.

"కాదండీ. పద్ధతి బీరువాలో ఉంది, తాళం మీ దగ్గర ఉంది" అందామె. ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

కాఫీ కెటిల్‌లో నీళ్లు కాచింది. గోరువెచ్చగా అయ్యాక గాజు గిన్నెలో చింతపండు పిసికి, పీచు వడగట్టింది. కుండ పెంకును ముద్ద నుంచి వెదురు పుల్లతో తప్పించి, ముద్దను ఆ నీళ్లలోకి దించింది. వెండికి ఈ పులుపు ఏమీ చెయ్యదు, అందులో కలిసిన కొద్దిపాటి రాగి నుంచి ఊరి దాన్ని పట్టుకున్న చిలుమునే కరిగిస్తుంది. మొదట ఏమీ కాలేదు. తర్వాత చిన్న బుడగలు లేచాయి. గోధుమరంగు నీళ్లు మెల్లగా పచ్చబడ్డాయి. టీలు వచ్చాయి, తాగారు. ఎస్సై రెండుసార్లు బయటికి వెళ్లి ఫోన్లు మాట్లాడి వచ్చాడు. ఆమె గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. నీళ్లు మార్చింది, మెత్తటి బ్రష్షుతో అంచులు రుద్దింది, మళ్లీ నీళ్లు మార్చింది. గోడ దగ్గర సిలార్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు.

మొదటి నాణెం ఊడి వచ్చింది. మంచి నీళ్లలో కడిగి, గుడ్డ మీద అద్ది, లైటు వంచి చూసింది. లోతైన చెవి. ఒక్క గీతలో రిబ్బను. లియాన్‌ది.

రెండోదీ అదే. మూడోదీ అదే. తర్వాత వచ్చినవీ అవే. ఆమె వాటిని వరసగా గుడ్డ మీద పేరుస్తుంటే పేరయ్య ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నాడు. "అన్నీ అసలువే. అడుగున ఉన్నయ్యి అసలువి, వీడి ఇంటికి పోయినయ్యేనా నకిలీలు?" అన్నాడు. బిందుమాధవి బ్రష్షు పక్కన పెట్టింది. తను చేసిందేమిటి? ఈ మనిషి మెడకు తనే రెండోసారి తాడు బిగించిందా? కరీమున్ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

గిన్నెలో ఇక చిన్న దొంతర మిగిలింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని నీళ్లలోనే అటూ ఇటూ మెదిపింది. అది మూడుగా జారింది. పైదాన్ని అద్ది లైటు కిందికి తెచ్చింది.

పెద్ద పెద్ద కోల కళ్లు. కుచ్చెళ్లు పోసిన పంచె. కుడి భుజం మీదుగా ఉబ్బెత్తు గీత.

ఆమె రెండోది తీసింది. అదే అచ్చు. కానీ దీని మీద దెబ్బ పక్కకి పడింది, ఎడమ కుర్రాడు సగమే ఉన్నాడు. మూడోదాని మీద ఇద్దరూ ఉన్నారు, డాళ్ల కింద తెగింది. వాటిని గుడ్డ మీద పెట్టి, మొదటి నుంచీ పక్కన పెట్టిన ట్రేను దగ్గరికి జరిపి, అందులోంచి ఒకటి తీసి వాటి పక్కన ఉంచింది. భూతద్దం ఎస్సై చేతికిచ్చింది.

"భుజం మీద గీత చూడండి. నాలుగింటి మీదా."

ఆయన వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. "ఒకటే."

"ఒకే అచ్చు. ఇంట్లో పోత పోసి ఉంటే అన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలి. వీటి మీద ఒక్కోదాని మీద ఒక్కోచోట దెబ్బ పడింది, సుత్తితో కొట్టిన అచ్చు ఇది. ఆ కాలపుదే. ఇవి మూడూ కుండ అడుగున ఉన్నాయి. కుండ అడుగు మీరు తీశారు. సిలార్‌ని గాడి దగ్గరికి కూడా రానివ్వలేదని పేరయ్య గారే చెప్పారు, ఊళ్లో అందరూ విన్నారు."

పేరయ్య కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మరి ఆ రోజు వేరే అన్నారేంటి మేడమ్?" అన్నాడు ఎస్సై, కొంచెం కోపంగానే.

"వేరే చేతివి అన్నాను. దొంగవి అనలేదు. సగం చెప్పి ఆపడం నా తప్పు. మిగతా సగం ఇప్పుడు చెప్తున్నా, రాసుకోండి. ఇవి నకిలీలు కావు. ఇక్కడివాళ్లు కొట్టినవి. రోమ్ నాణెంతో పాటు ఒకే కుండలో పెట్టుకునేంత నమ్మకంగా వాడుకున్నారు."

ఎస్సై శ్రీకృష్ణ గారి వైపు తిరిగాడు. ఆయన భూతద్దం తీసుకున్నారు. చూసి కింద పెట్టారు. అబద్ధం ఆడటానికి వీలుందా అని ఒక్క క్షణం వెతికినట్టే అనిపించింది ఆమెకు. చివరికి, "సరిగ్గానే చెప్పింది" అన్నారు.

ఎస్సై లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఏరా సిలారూ, ఇంక పో. రేపట్నుంచి రానక్కర్లా."

సిలార్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. కరీమున్ కదల్లేదు.

"లేమ్మా, అయిపోయిందిగా" అన్నాడు ఎస్సై.

"ఏంది అయిపోయింది?" అందావిడ కూర్చునే. "దొంగ అన్నది ఊరందరి ముందు. కాదన్నది ఈ గదిలోనా? మా ఊరు రండి. కల్లం కాడ కూలోళ్లందరూ ఉంటారు. ఆళ్ల ముందు చెప్పండి. అప్పటిదాకా నేను ఈడ్నుంచి లేవను."

"మామ్మా, నాకు వేరే పనుల్లేవా?"

"మా వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టినన్నాళ్లూ నీకు పనుల్లేవా బాబూ?"

ఏసుబాబు సిలార్ వైపు చూశాడు, తల్లికి చెప్పమన్నట్టు. సిలార్ వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

*

మర్నాడు పొద్దున జీపు కల్లం పక్కన ఆగింది. ఏరేవాళ్ల చేతులు ఆగాయి. ఎస్సై టోపీ సరిచేసుకుని, మిరప ఘాటుకు దగ్గి, సిలార్ మీద అనుమానం తప్పని తేలిందనీ, నాణేలన్నీ పాతవేననీ చెప్పాడు.

"వినపళ్లా" అంది కరీమున్ కాయ ఏరుతూనే.

ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. దూరంగా బస్తాలు కుడుతున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. జీపు వెళ్లిపోయింది.

దాని వెనకే వచ్చిన పేరయ్య మాత్రం మిగిలాడు. బండి స్టాండు వేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఒరేయ్ సిలారూ, జరిగిందేదో జరిగింది. నలుగురూ నాలుగు చెప్తే నమ్మా. వచ్చే ఏడు కూడా చేను నువ్వే చెయ్యి. ఇంకోళ్లకి ఇయ్యను" అన్నాడు.

సిలార్ బస్తా మూతి కుడుతున్నాడు. దారం పళ్లతో తెంపి, సూది బస్తాకి గుచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ చేను పోతుందేమోనని ఈ మనిషి ముందు చేతులు కట్టుకున్నవాడే.

"చెయ్యను బాబాయ్."

"ఏందిరా?"

"ఈ కాయ అమ్మేశాక గట్టు దిగిపోతా. నీ చేలో మళ్లీ గడ్డపార వెయ్యను. ఏం దొరుకుద్దో, ఏం తక్కువైందంటావో."

పేరయ్య చుట్టూ చూశాడు, ఎవరైనా తనవైపు మాట్లాడతారేమోనని. ఆడవాళ్లు కాయ ఏరుకుంటున్నారు.

బిందుమాధవి వరస చివర కూర్చుని ఉంది, ఈసారి నోటికి గుడ్డ సరిగ్గా కట్టుకుంది. ఒళ్లో ఫోను మోగింది. శ్రీకృష్ణ గారు.

"డిస్‌ప్లేకి పెట్టమని హెడ్డాఫీసు వాళ్లు అడుగుతున్నారు. ఆ వేరేవి వేరే ట్రేలో ఉన్నాయిగా?"

"లేదు సార్. నిన్న సాయంత్రమే అన్నీ కలిపేశాను. ఒకే కుండలోవి, ఒకే ట్రేలో ఉన్నాయి."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదండీ" అంది. ఫోను పక్కన పెట్టి, ముందున్న కాయలోకి చెయ్యి పెట్టింది.